వెనక్కి తిప్పని కేసెట్

మామ సంవత్సరీకం అయిపోయిన మర్నాడు అత్త నన్ను అటక ఎక్కించింది. వంటవాళ్లు కడిగిచ్చిపోయిన గంగాళాన్ని, పెద్ద తపేలాల్ని మళ్లీ పైకి చేర్చాల. వాటిని లోపలికి తోస్తా ఉంటే ఒక రేకుపెట్టె చేతికి తగిలింది. మూత ఎత్తినాను. కలరా ఉండలు, పాత ప్లాస్టిక్కు, బూజు పట్టిన టేపు, మూడూ కలిసిన వాసన గుప్పుమనింది. ఆ వాసన పీల్చి ముప్పై ఏళ్లు దాటింది. నడుం వంచుకోని అట్లనే కూచుండిపోయినాను. కింద నిచ్చెన పట్టుకోనుండే అత్త "ఏమైంది నాయనా, తేలు గానీ కుట్టిందా" అని అరిచిందాకా తెలివి రాలేదు.

పెట్టె నిండా వీడియో కేసెట్లు. చానావరకు పెండ్లి కేసెట్లు, తీసుకుపోను రానివాళ్లవి. అట్టల మీద మామ రాత, నీలం ఇంకుపెన్నుతో. అన్నిటికంటే అడుగున ఒకదాన్ని మాత్రం ప్లాస్టిక్ కవర్లో చుట్టి రబ్బరు బ్యాండు వేసి పెట్టినాడు. ముట్టుకోగానే రబ్బరు పొడి పొడిగా రాలింది. లోపల అట్ట మీద రెండే మాటలు. "హీమ్యాన్ సినిమా." దాని కింద "అద్దెకు కాదు."

వెలుతురుకు పట్టి చూసినాను. టేపంతా కుడిపక్క చక్రానికి చుట్టుకోనుంది. ఎడమపక్క మిగిలింది చిటికెనవేలి మందం కూడా లేదు. ఎవరో దాదాపు చివరిదాకా చూసి, వెనక్కి తిప్పకుండానే తీసి పెట్టినారు. మా మామ చేతిలో ఇట్లాంటిది జరిగే పని కాదు.

*

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర, తీర్థకట్ట వీధిలోంచి చీలే సందులో ఉండేది మామ వీడియో కేసెట్ల అద్దె అంగడి. రెండు బీరువాలు పక్కపక్కన పెడితే ఎంతో, అంతే వెడల్పు. మూడు పక్కలా చెక్క అరలు, బల్ల మీద కేసెట్లు ఆడించే ఫునాయ్ వీసీపీ, దాని పక్కన చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ. పగలంతా అక్కడ వినపడేది టేపు వెనక్కి తిరిగే చప్పుడే. సన్నంగా ఈల మాదిరి మొదలై, పోనుపోను గొంతు పెంచి, ఆఖరికి టక్కని ఆగేది. ఆ టక్కు వినీవినగానే మామ తల తిప్పకుండా చెయ్యి చాపి కేసెట్ బయటికి లాగేవాడు.

తిప్పకుండా తెచ్చిచ్చిన వాళ్ల దగ్గర అర్ధరూపాయి ఎక్కువ తీసుకునేవాడు. గోడకి అట్ట రాసి తగిలించినాడు కూడా. తెలిసినవాళ్లైనా, చుట్టాలైనా ఊరుకునేవాడు కాదు. "తిప్పకుండా పడేస్తే టేపు సాగిపోతాది రా అల్లుడూ. తర్వాత చూసేవాడికి మనుషుల మొగాలు వంకర్లు పోతాయి" అని నాకు చెప్పేవాడు. తర్వాత చూసేవాడు ఎవరో ఆయనకి తెలియదు. అయినా వాడి గురించి ఆలోచించేవాడు.

వానాకాలం వచ్చిందంటే టేపుల అంచులకి తెల్లగా బూజు పట్టేది. అట్లాంటి కేసెట్ ఒకటి పెడితే చాలు, టీవీలో బొమ్మ మీద మంచు రాలతా ఉండేది. మామ వీసీపీ మూత స్క్రూలు విప్పి, కొత్త రూపాయి నోటుని స్పిరిట్‌లో తడిపి, వెండి గిన్నె మాదిరి మెరిసే హెడ్డుకి మెల్లగా ఆనించేవాడు. నోటు కదలకూడదు. రెండో చేతి వేలితో హెడ్డునే గుండ్రంగా తిప్పాల. నోటు పైకీ కిందికీ జారిందంటే హెడ్డు మొన విరిగినట్టే, దాంతో నెల సంపాదన పోయినట్టే. ఆ కాసేపు నేను కూడా ఊపిరి బిగబట్టేవాణ్ణి. తీసి చూస్తే నోటు మీద గోధుమరంగు గీత ఉండేది. ఎంతమంది హీరోల పొడి ఆ గీతలో ఉందో అనుకునేవాణ్ణి. ఆ నోటు ఆరినాక నాకే ఇచ్చి టీకి పంపేవాడు. స్పిరిట్ వాసన టీకొట్టు దాకా నా వెంట వచ్చేది.

సాయంత్రమైతే వీసీపీలు ఊరి మీదికి పోయేవి. టీవీకి దుప్పటి చుట్టి, గోనెసంచి కప్పి, సైకిలు క్యారియరు మీద కట్టి, ఒకరు తొక్కకుండా నడిపించుకుంటా పోతే ఇంకొకరు వెనక పట్టుకోని నడవాల. ఆ ఇంకొకరు చానాసార్లు నేనే. రాత్రికి నాలుగు సినిమాలు. మూడోదానికే ఇంటిల్లిపాదీ గుర్రు పెడతా ఉంటారు, వీసీపీ ఒక్కటే చీకట్లో తిరుగుతా ఉంటుంది. తెల్లారి తెచ్చుకునేదానికి పోతే ముట్టుకున్న చెయ్యి కాలేది.

*

నేను ఆ ఇంటికి ఎట్లా వచ్చినానో కూడా చెప్పాల.

మాది చిత్తూరు పక్కన పల్లె. నాయన మామిడికాయల మండీలో గుమాస్తా. సీజన్లో కాయల లారీ ఎక్కి బెంగళూరు దాకా పొయ్యొచ్చేవాడు. ఒక రాత్రి మొగిలి ఘాట్‌లో లారీ బోల్తాపడింది. ఆ సాయంత్రం నాయన వాకిట్లో చెప్పులేసుకుంటా ఉంటే నేను గోలీలాడుకుంటా ఉండినాను. తలెత్తి కూడా చూడలేదు. తర్వాత చానా రోజులు, ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ ఒకటే మాట చెప్పేవాణ్ణంట. "నేను చెప్పులు దాచిపెట్టింటే నాయన పోయుండడు." ఆ మాట విన్నప్పుడల్లా అమ్మ లోపలికి పోయి తలుపేసుకునేది. ఏడాది తిరక్కముందే మామ వచ్చి మా ఇద్దర్నీ తిరుపతికి తెచ్చేసుకున్నాడు. కొర్లగుంటలో రెండు గదుల ఇల్లు. ఒక గది మాకిచ్చి, అత్తా ఆయనా వసారాలో పడుకునేవాళ్లు.

*

హీమ్యాన్ అప్పుడు దూరదర్శన్‌లో బొమ్మల సీరియల్‌గా వచ్చేవాడు. మా ఇంట్లో టీవీ నిలిస్తే కదా, వచ్చింది వచ్చినట్టు అద్దెకి పోయేది. అందుకని ఎదురింటి వాళ్ల సాలిడేర్ టీవీ ముందు చేరేవాళ్లం. బయట చెప్పులు కుప్పలుగా పడుండేవి. ఒకడు మిద్దెమీద యాంటెన్నా పట్టుకోని "వచ్చిందా" అంటే, కిటికీ దగ్గర ఒకడు "ఇంగొంచెం, ఇంగొంచెం, ఆఁ పోయింది" అని అరవాల.

కథ మాకు కంఠతా వచ్చు. ఎటర్నియా అనే లోకం. గ్రేస్కల్ కోట. ఆడం అనే రాకుమారుడు కత్తి పైకెత్తి మంత్రం చదివితే హీమ్యాన్ అయిపోతాడు. పిరికి పులి క్రింజర్ మీసం దువ్విన బ్యాటిల్ క్యాట్ అవుతుంది. ఓర్కో అనే గాల్లో తేలే చిన్న మాయగాడు ఒక మంత్రం చదివితే ఇంకొకటి జరుగుతుంది. పుర్రె మొగం స్కెలెటార్ ప్రతిసారీ ఓడిపోయి కీచు గొంతుతో తిట్టుకుంటా పారిపోతాడు. మాటలన్నీ ఇంగ్లీషు, మాకు ముక్క తెలియదు. ఆ కీచు గొంతుకీ, పిరికి పులి గొంతుకీ డబ్బింగు చెప్పింది ఒకే మనిషని, ఆయన పేరు అలన్ ఓపెన్‌హైమర్ అని ఈమధ్యనే చదివినాను. 1983 నుంచి రెండేళ్లలో 130 ఎపిసోడ్లు తీసినారు. అంత పని చెయ్యాలంటే గీసిన బొమ్మల్నే మళ్లీ మళ్లీ వాడుకోవాల. అందుకే హీమ్యాన్ ఎప్పుడు చూసినా ఒకే మాదిరి పరిగెత్తేవాడు. మాకు అది తప్పుగా తోచలేదు. రోజూ పొద్దున సూర్యుడు కూడా ఒకే మాదిరి వస్తాడు కదా.

రాత్రిళ్లు మిద్దెమీద పడుకుంటే కొండ మీద గాలిగోపురం దీపాలు కనపడేవి. చీకట్లో కొండ ఉండదు, దీపాలు మాత్రం ఆకాశంలో వేలాడతా ఉంటాయి. గ్రేస్కల్ కోట అదేనని నేను నమ్మినాను. నాయన దాని లోపలే ఎక్కడో ఉంటాడని కూడా నమ్మినాను. చీపురుకట్ట పైకెత్తి నాకొచ్చినట్టు మంత్రం చదివేవాణ్ణి. మామ వసారాలోంచి వింటా ఉండేవాడని అప్పుడు తెలియదు.

*

హీమ్యాన్ మీద బొమ్మలు కాదు, నిజం మనుషులతో సినిమా తీసినారని మాకు చెప్పింది మామే. నెలకొకసారి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు పోయి, బర్మా బజార్లో కేసెట్లు చూసుకోని వచ్చేవాడు. ఆసారి సంచిలోంచి అన్నిటికంటే ముందు దాన్నే తీసినాడు. "మీ సామి వచ్చినాడు రా" అన్నాడు. నాకా రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు రాత్రి ఒక టీవీని అద్దెకియ్యకుండా ఇంట్లోనే పెట్టినాడు. వీధిలో పిల్లకాయలంతా వచ్చినారు. అత్త బొరుగులు, శెనక్కాయలు కలిపి చేట నిండా పోసి నడుమ పెట్టింది. మామ వీసీపీ పక్కనే గోడకానుకోని కూచోని, ఇంగ్లీషు మాటల్ని మాకు తెలుగులో చెప్తా పోయినాడు.

ఉన్నమాట చెప్పాలంటే ఆ సినిమా చూసి మేము ఏడ్చినంత పని చేసినాము. పులి లేదు. ఓర్కో లేడు, వాడి బదులు గడ్డం పొట్టి తాత ఎవరో గ్విల్డార్ అంట. రాకుమారుడు ఆడం జాడే లేదు, కాబట్టి కత్తెత్తి మారేది కూడా లేదు. కాసేపటికి అందరూ ఎటర్నియా వదిలేసి అమెరికా రోడ్ల మీద కార్ల నడుమ తిరుగుతా ఉండారు. "ఇదేంది మామా, హీమ్యాన్ మన లోకానికి ఎందుకొచ్చినాడు" అని ఒకడు నిలదీసినాడు. "తాళంచెవి పారేసుకున్నాడు రా, ఎత్తుకుంటా ఉండాడు" అన్నాడు మామ. అది నిజమే. ఆ తాత చేసిన తాళంచెవి లాంటి యంత్రమే కథకంతా మూలం. స్వరాలు పలికిస్తే లోకానికీ లోకానికీ మధ్య వాకిలి తెరుచుకుంటుంది. ఆ యంత్రం ఒక ఆడపిల్లకీ, ఆమె స్నేహితుడికీ దొరుకుతుంది. ఆ పిల్లోడు వాద్యం వాయించేవాడు గనక అదేదో కొత్త రకం జపాను కీబోర్డు అనుకుంటాడు.

మా గోల వినీ వినీ మామ ఒకటే మాటన్నాడు. "హీమ్యాన్‌ని చూసింది చాలు, స్కెలెటార్ కండ్లు చూడండ్రా. మొగం మొత్తం మూసేసినారు, కండ్లు రెండే మిగిలినాయి వాడికి. వాటితోనే చేస్తా ఉండాడు చూడు అంతా."

*

ఆ మాట మామ ఊరికే అనలేదు. గంగమ్మ జాతరలో ఏటా ఆయన తోటి వేషం కట్టేవాడు. మొక్కు. తాతయ్యగుంట గంగమ్మ జాతరకి చాటింపు వేసినాక వారం రోజులు తిరుపతి తిరుపతిగా ఉండదు. బైరాగి వేషం రోజు ఒళ్లంతా తెల్లటి నామంకొమ్ము, బండ వేషం రోజు కుంకుమ, తోటి వేషం రోజు బొగ్గు. ఆడవాళ్లని చెరిచే పాలెగాడు భయంతో దాక్కుంటే, వాణ్ణి వెతుక్కుంటా గంగమ్మ రోజుకొక వేషంలో తిరిగిందని, దొర వేషంలో వాణ్ణి చంపిందని చెప్తారు. ఆ తర్వాత మాతంగి వేషంలో పోయి, వాడి పెండ్లాన్ని ఓదార్చిందని కూడా చెప్తారు. చంపిన చెయ్యే ఓదార్చేదానికి పోయిందన్న ముక్క నాకు చిన్నప్పటి నుంచీ వదలకుండా గుర్తుంది.

మామ బొగ్గుని నీళ్లలో నూరుకోని పూసుకునేవాడు. చేతులు, మెడ, చెవుల వెనక, కనురెప్పలు కూడా. మెళ్లో వేపమండల దండ. పూసుకునేంతసేపు మాట్లాడేవాడు కాదు. లేచి తిరిగేసరికి ఆ మనిషి మా మామ కాదు. మొదటి ఏడు నేను అత్త వెనక దాక్కుంటే, దగ్గరికొచ్చి వంగి నా మొగంలోకి చూసినాడు. నల్లటి మొగంలో కండ్లు రెండే తెల్లగా. ఆ కండ్లలో మామ ఉండాడు. వేపాకు తుంచి నా చేతిలో పెట్టి వెళ్లిపోయినాడు. అంతే, మళ్లీ ఎప్పుడూ ఏ వేషానికీ భయపడలేదు.

*

తర్వాతిదంతా వేగంగా జరిగిపోయింది. కేబుల్ వచ్చింది, సీడీలు వచ్చినాయి. అంగడిలో అరలు తీసేసి జిరాక్సు మిషన్ పెట్టినాడు మామ. వీసీపీలు పాతసామాన్లవాడికి కిలోల లెక్కన పోయినాయి. నేను చదువుకోని ఉద్యోగానికి పోయినాను. ఆ సినిమా మాత్రం నేను మళ్లీ చూడలేదు. పిల్లకాయలు ఇంకోసారి వెయ్యమని అడిగితే టేపు తెగిపోయిందన్నాడు మామ. మేము పెద్దగా బాధపడలేదు.

అటక దిగినాక కేసెట్ తెచ్చి అత్త ముందు పెట్టినాను. టేపు తెగిన గుర్తు ఎక్కడా లేదు. ఆడించేదానికి వీసీపీ లేదు, ఉన్నా ఆ బూజుకి ఆడదు. మామ కూతురు ల్యాప్‌టాప్ తెచ్చి అదే సినిమా వెతికి పెట్టింది. నేనూ ఆమే అత్తా, అదే గోడకానుకోని చూసినాము.

'మాస్టర్స్ ఆఫ్ ది యూనివర్స్' అని 1987లో వచ్చిన సినిమా, నూటా ఆరు నిమిషాలు. గ్యారీ గాడర్డ్‌కి డైరెక్టర్‌గా ఇదే మొదటిది. హీమ్యాన్ వేసింది స్వీడన్ మనిషి డాల్ఫ్ లండ్‌గ్రెన్, కెమికల్ ఇంజనీరింగ్ చదివినవాడు. ఆ ఆడపిల్ల జూలీగా వేసిన కోర్టనీ కాక్స్ తర్వాత టీవీలో ఎంత పేరు తెచ్చుకుందో అందరికీ తెలుసు. ఇక స్కెలెటార్. ఫ్రాంక్ లంజెల్లా. 1979లో డ్రాకులా వేసినవాడు, నాటకాల్లో పండినవాడు. తన చిన్న కొడుక్కి స్కెలెటార్ అంటే ఇష్టమని ఒప్పుకున్నాడంట, తనకి బాగా ఇష్టమైన పాత్రల్లో అదొకటని కూడా చెప్పుకున్నాడు. మామ చెప్పింది ఎంత నిజమో ఇప్పుడు తెలిసింది. రబ్బరు తొడుగు కింద బుగ్గ కదలదు, పెదవి సరిగా కదలదు. సింహాసనం మీద కూచోని ఊరికే పక్కకి చూస్తాడు, ఆ చూపులో ఎన్నాళ్ల కడుపుమంట ఉందో తెలిసిపోతుంది. కార్టూన్‌లో కీచుమనే దొంగ ఇక్కడ రాజు. ఆఖరి పోట్లాట చిమ్మచీకట్లో జరుగుతుంది. డబ్బులు అయిపోయి షూటింగ్ ఆపేస్తే, తర్వాత ఎట్లాగో తీసి ముగించినారంట. చిన్నప్పుడు టేపు పాడైంది అనుకున్న చీకటి అదే. నాకు మాత్రం ఆ చీకటే బాగుంది. ఆయుధాల వెలుగు తప్ప ఏమీ లేదు.

ఇవన్నీ కాదు నేను చెప్పదలుచుకున్నది.

సినిమా మొదలైన కాసేపటికే జూలీ సమాధుల ముందు నిలబడి ఉంటుంది. విమాన ప్రమాదంలో పోయిన వాళ్లమ్మా నాన్నల సమాధులు. నేను బొమ్మ ఆపేసినాను. ఆ చోటు నాకు బాగా గుర్తుంది. "అది పార్కు రా" అన్నాడు మామ. "వాళ్లమ్మా నాన్నా ఊరికి పోయుండారు, ఈ పాపకి పొద్దుపోక వచ్చింది." తర్వాత ఈవిల్ లిన్ అనే మాయలాడి, ఆ పాప చేతిలో తాళం కాజేసేదానికి, చచ్చిపోయిన తల్లి రూపంలో వస్తుంది. మెగ్ ఫాస్టర్ అనే ఆమె వేసింది, గాజు మాదిరి కండ్లు. తల్లి చేతులు చాపి పిలుస్తుంది, కూతురు పరిగెత్తిపోయి వాటేసుకుంటుంది. అక్కడ మామ ఏం చెప్పినాడో కూడా గుర్తొచ్చింది. "వాళ్లమ్మ ఊరినుంచి వచ్చేసినట్టుంది" అన్నాడు. మేము నమ్మినాము. కథ అంతటా వాళ్లు పోయినారన్న మాటే నా చెవిన పడనీలేదు.

హీమ్యాన్ గెలిచినాడు, స్కెలెటార్ అగాధంలో పడినాడు. చిన్నప్పుడు సినిమా అక్కడితో అయిపోయింది. మామ లేచి టక్కని ఆపేసి "అయిపాయ, పొయ్యి పండుకోండి" అన్నాడు. కానీ ఇప్పుడు తెర మీద ఇంకా నడస్తా ఉంది. గ్విల్డార్ ఆ తాళంతో జూలీని ఇంటికి పంపిస్తాడు. ఆమె తన గదిలో నిద్ర లేస్తుంది. బయటికొస్తే అమ్మా నాన్నా ఉండారు. ఆ విమానం ఎక్కబోయే పొద్దు అది, ప్రయాణానికి సిద్ధంగా ఉండారు. జూలీ తాళంచెవులు లాక్కుంటుంది, పోవద్దంటుంది, పోనియ్యదు.

నేను చెప్పులు దాచిపెట్టింటే.

మామ కూతురు నా వైపు చూసి ఏమీ అడగలేదు. అత్తే మాట్లాడింది, తెర వైపు చూస్తానే.

"నువ్వు చూసిన ముందురోజు రాత్రి మీ మామ దీన్ని ఒక్కడే చూసినాడు నాయనా. రెండైనా పండుకోలేదు. లేపి, 'ఈ బొమ్మ పిల్లోడికి చూపీకూడదేమో మే' అన్నాడు. ఏముందందులో అంటే, 'ఆఖర్లో ఆ పాప వాళ్లమ్మా నాయన్ని పోకుండా ఆపేస్తాది. వాడు చూస్తే ఏమనుకుంటాడు' అన్నాడు. ఆపు చేద్దామంటే నువ్వేమో పొద్దున్నించీ చీపురుకట్ట దించలేదు."

చిన్నప్పుడు ఈ చివర చూసుంటే నేనేమై ఉండేవాణ్ణో తెలియదు. మిద్దెమీద ఇంకా ఎన్ని రాత్రులు గాలిగోపురం వైపు చీపురుకట్ట ఎత్తుకోని నిలబడి ఉండేవాణ్ణో. అమ్మ ఇంకా ఎన్నిసార్లు తలుపేసుకునేదో. మామ ఈ మాట ఎప్పుడూ నాతో అనలేదు. నేను పెద్దయి, నాకు పిల్లలు పుట్టి, ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రిళ్లు పక్కన కూచోని ఎన్నెన్నో మాట్లాడుకున్నాము. ఇది మాత్రం అనలేదు.

అందరూ పడుకున్నాక కేసెట్‌ని మళ్లీ వెలుతురుకు పట్టి చూసినాను. కుడిపక్క చక్రం మీద ఎటర్నియా, యుద్ధం, మేము పోట్లాడిన పులి, ఆ రాత్రి తిన్న బొరుగులు. ఎడమపక్క ఆ సన్నటి చుట్ట మీద జూలీ నిద్ర లేచే పొద్దు, తాళంచెవులు. మామ ఎక్కడ ఆపినాడో అక్కడే నిలిచిపోయి ఉంది.

బీరువాలో కొత్త కవరు ఒకటి దొరికితే దాంట్లో చుట్టి, కొత్త రబ్బరు బ్యాండు వేసి, నిచ్చెన ఎక్కి రేకుపెట్టెలో అడుగునే పెట్టినాను.